పరుపుల కొట్లో నిద్ర కవాతు

గట్టి పరుపు కావాలని వచ్చిన ప్రతి మగాడూ పరుపులక్కతో ఒకే మాట చెబుతాడు: "మా ఆవిడకి నడుం నొప్పండీ." ఆ ఆవిడేమో పక్కనే రాటలా నిటారుగా నిలబడి ఉంటుంది. ఈయన మాత్రం కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకుంటాడు. అక్క ఆయన గుట్టు బయటపెట్టదు. "అయ్యో, పాపం ఆవిడ!" అంటూ ఆయన నడుముకి సరిపోయే పరుపు చూపిస్తుంది. బేరం కుదురుతుంది, పరువు దక్కుతుంది, నడుమూ బాగుపడుతుంది. మనిషి తన నొప్పిని తన పేరున రాసుకోడు, పక్కవాళ్ల ఖాతాకి తోస్తాడు. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో ఆవిడ గట్టిగా నమ్మిన సంగతి ఇదొక్కటే.

ఇంతటి లెక్కల మనిషికీ సొంత తమ్ముడు అంతుపట్టలేదు.

తమ్ముడు సైన్యం నుంచి తిరిగొచ్చి రెండేళ్లయింది. అక్క కొట్లో సరుకు చేరవేసే పని చూస్తున్నాడు. డబుల్ కాట్ పరుపుని ఒక్కడే నెత్తిన పెట్టుకుని నాలుగో అంతస్తుకి ఎక్కించేస్తాడు. మాట పొదుపు. గోడకి వీపు ఆనితే తప్ప కూర్చోడు. పక్క కొట్టువాడి షట్టరు ధడాలున పడిందంటే చాలు, కౌంటరు వెనక తేలతాడు. ఎప్పుడు వెళ్లాడో ఎవరికీ కనబడదు.

"ఏంట్రా అక్కడ?"

"పెన్ను పడిందక్కా."

ఈ రెండేళ్లలో ఆ కౌంటరు వెనక పడ్డ పెన్నులన్నీ నిజమే అయితే అక్క ఈపాటికి పుస్తకాల కొట్టు కూడా తెరిచేది.

ఇలా నడిచిపోతుండగా ఒకరోజు మరదలు కొట్టుకొచ్చింది. ఎనిమిదో నెల. రెండు తలగడలు కడుపుకి కట్టుకున్నట్టు నడుస్తూ వచ్చి, ఉన్నవాటిలో మెత్తటి పరుపు చూసుకుని కూలబడింది.

"వదినా, మీ తమ్ముడు గోడౌన్లో మంచం వేసుకున్నాడు, తెలుసా?"

"మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికి అనుకున్నానే."

"కాదు. బిడ్డ పుట్టాక అక్కడే ఉంటాడట. ఇంటికి రాడట." మరదలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి బయటపెట్టింది. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం నిద్రపోతున్నవాణ్ని లేపుదామని భుజం తట్టింది. తట్టీ తట్టకముందే అతని చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టేసింది. కళ్లు తెరిచాడు కానీ మనిషి అందులో లేడు. వాడికి తెలివొచ్చేసరికి ఆమె చెయ్యి కమిలిపోయింది. ఆరోజు నుంచీ బయట వరండాలోనే పడుకుంటున్నాడు. "'నిన్నే అలా పట్టుకున్నవాణ్ని, చంటిదాని పక్కన ఎలా పడుకుంటాను' అంటాడు. నాకు భయం లేదు వదినా. ఆయనకే ఆయనంటే భయం."

అక్క కౌంటరు మీది క్యాలెండరు దగ్గరికి లాక్కుంది. "ఇంకెన్నాళ్లుంది?"

"ఆరు వారాలు."

"ఆరు వారాలంటే చాలా ఎక్కువే. పెళ్లి సీజన్లో మూడు రోజుల్లో యాభై పరుపులు కుట్టించానమ్మాయ్" అంది అక్క. బిడ్డ ఇంటికొచ్చే రోజున తమ్ముడు కూడా ఇంట్లోకే రావాలి. అక్క ఆ గడువు మనసులో వేసుకుంది.

మర్నాడు మాజీ సైనికుల మనోవైద్య కేంద్రానికి వెళ్లింది. భవనం బస్టాపు ఎదురుగా ఉంది. దాని మీద ఆ పేరు ఊరంతా చదువుకునేంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల పది కుర్చీలు, పదీ ఖాళీ. డాక్టరమ్మ ఒక్కర్తే కూర్చుని తన టీ తనే కలుపుకుంటోంది. అక్క కూర్చోబోతుండగా మీసాలాయన ఒకడు తలుపు సగం తోసి, "పళ్ల డాక్టరు ఇక్కడేనా అండీ?" అని అడిగి, సమాధానం వినకుండా వెళ్లిపోయాడు.

"ఈ వారంలో పదకొండో మనిషి" అంది డాక్టరమ్మ. "ఈ భవనంలో పళ్ల డాక్టరే లేడు."

అక్కకి లెక్క తేలిపోయింది. సరుకు మంచిదే, కొట్టు పెట్టిన చోటే తప్పు. "డాక్టరమ్మా, మీరు ఆదివారం పొద్దున్న మా పరుపుల కొట్టుకి రండి. చుట్టూ దూదీ ఫోమే కాబట్టి లోపల ఎవరేం మాట్లాడినా బయటికి వినబడదు. పైగా పరుపుల కొట్లోకి పోతున్న మగాణ్ని చూసి 'నీకేమైంది' అని ఎవరూ అడగరు."

"వాళ్లని మోసం చేసి పిలవనండీ. నేనెవరో మొదటి మాటలోనే చెప్పేస్తాను."

"చెప్పండి. నేను అడిగేది గుమ్మం దాటించే సాయమే. లోపలికి వచ్చిన గిరాకీని నిలబెట్టుకోవడం మీ పని."

ఆదివారం పదింటికి 'మాజీ సైనికులకు పరుపు పరీక్ష' అన్న అట్ట చూసి ఆరుగురు తేలారు. మొన్న పళ్ల డాక్టరు కోసం వెతికిన మీసాలాయన అందరికంటే ముందే ఉన్నాడు. సైన్యంలో వంట చేసినవాడట, అందరూ వంటాయన అంటారు. నోరు ఆగదు. ఇంకొకాయన ట్యాంకులు నడిపిన బాబాయి. గొంతు ఎంత పెద్దదంటే ఆయన గుసగుసగా మాట్లాడినా వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. డ్రైవరూ, కంపౌండరూ, వైర్లెస్ ఆయనా కలిపి ఐదుగురు. ఆరోవాడు తమ్ముడు. వాడు కూర్చోలేదు, తలుపు దగ్గర కాపలాగా నిలబడ్డాడు.

డాక్టరమ్మ అన్నమాట ప్రకారం తానెవరో చెప్పింది. అయిదు మొహాలూ ఒక్కసారిగా తలుపు వైపు తిరిగాయి. కానీ అప్పటికే పరుపుల మీద పడుకుని ఉన్నారు. అక్క ఎంచి ఎంచి మెత్తటివే వేసింది మరి, అందులోంచి లేవడం అంత తేలిక కాదు.

"మీకెవరికీ పిచ్చి లేదు" అంది డాక్టరమ్మ. "మీ లోపల ఒక కాపలావాడున్నాడు. యుద్ధంలో మిమ్మల్ని బతికించింది వాడే. మీరు ఇల్లు చేరారని వాడికి ఎవరూ కబురు పెట్టలేదు. అందుకే గిన్నె పడినా, షట్టరు పడినా ఈల వేస్తాడు. వాడు ఈల వేసేసరికి మీ గుండె పరిగెడుతుంది, చెయ్యి లేస్తుంది."

"అయితే వాడికి రిటైర్మెంటు ఇచ్చేయమంటారా?" అన్నాడు ట్యాంకు బాబాయి. పైన వేలాడదీసిన దోమతెరలు ఊగాయి.

"వద్దు. మంచి పనివాడు. డ్యూటీ వేళలు మారుద్దాం చాలు."

తలుపు దగ్గర తమ్ముడు మెడ కొంచెం ఇటు తిప్పాడు. అక్క అది చూసీ చూడనట్టు తలగడ గలీబులు సర్దింది.

వెళ్లేముందు డాక్టరమ్మ తలా ఒక కాగితం ఇచ్చింది. రోజుకెన్ని గంటలు నిద్రపోయారు, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డారు, కోపం పదికి ఎంత. వారమంతా రాసి తీసుకురావాలి.

మరుసటి ఆదివారం ఆరు కాగితాలూ ఠంచనుగా వచ్చాయి. డాక్టరమ్మ ఒకటి చదివింది, రెండోది చదివింది, మూడోదానికి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆరింట్లోనూ ఒకటే చేతిరాత. నిద్ర ఎనిమిది గంటలు. ఉలిక్కిపాటు లేదు. కోపం సున్న. కింద 'అంతా సవ్యం' అని గీత గీసి మరీ రాసి ఉంది.

"ఎవరు రాశారండీ ఇవి?"

"నేనే రాశాను మేడం!" ట్యాంకు బాబాయి ఛాతీ విరిచాడు. "రిపోర్టు అంటే టైముకి వెళ్లాలి, కొట్టివేతలు ఉండకూడదు. దళంలో చేతిరాత బాగున్నవాడు అందరివీ నింపేస్తాడు. అలవాటే."

"మరి వాళ్లని అడిగారా?"

"అడిగితే ఆలస్యమవుతుంది కదా."

డాక్టరమ్మ కాగితాలు మడిచింది. "ఈ లెక్కన మీరందరూ నాకంటే ఆరోగ్యంగా ఉన్నారు. వచ్చే వారం నుంచి మీరే నాకు వైద్యం చెయ్యండి."

వంటాయన నవ్వి నవ్వి పరుపు మీంచి జారి కింద పడ్డాడు. అక్కకి మాత్రం నడుం నొప్పి మగాళ్లు గుర్తొచ్చారు. "డాక్టరమ్మా, వీళ్లని సొంత సంగతి అడిగితే లాభం లేదు. పక్కవాడి సంగతి అడగండి."

ఆ మాటకి వంటాయన కిందనుంచే చెయ్యెత్తాడు. "అక్క చెప్పింది సరైన మాట. దూరం నడిచిన రోజుల్లో సాయంత్రం మాకు పాదాల తనిఖీ ఉండేది. ఎవడి అరికాలు వాడికి కనబడదు. అందుకని జోడీ వేసేవాళ్లు. నా పాదం వాడు చూడాలి, వాడి పాదం నేను చూడాలి. బొబ్బ దాచినవాడికి కాదు శిక్ష, చూడనివాడికి."

తమ్ముడు తలుపు దగ్గర్నుంచి, "అవును" అన్నాడు. రెండు ఆదివారాల్లో ఆ గదిలో వాడు పలికిన మొదటి మాట అది.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. అయినా ఆమె వెంటనే ఒక షరతు పెట్టింది: ఏది చదవాలన్నా ముందు జోడీని అడగాలి, ఒప్పుకున్నదే చదవాలి. మూడు జోడీలు పడ్డాయి. తమ్ముడికి వంటాయన పడ్డాడు. మాట్లాడనివాడికి మాట ఆపనివాడు. వాళ్లిద్దర్నీ కలిపి తూస్తే సగటు మనుషులు ఇద్దరు వస్తారని అక్క అనుకుంది.

ఇక ఆ వారం ఎలా గడిచిందో అడగొద్దు. వంటాయన పొద్దున్న ఆరింటికల్లా తమ్ముడి ఇంటి గేటు దగ్గర నోట్ బుక్కుతో నిలబడేవాడు. డ్రైవరు వైర్లెస్ ఆయనకి గంటగంటకీ ఫోన్ చేసి "ఇప్పుడు కోపం ఎంత?" అని అడిగి, ఆ ఫోన్లతోనే ఆయన కోపం పెంచేశాడు. ఆదివారం వచ్చేసరికి కాగితాలు చాలక వెనకవైపు కూడా రాశారు.

"మా జోడీ కోపం పదికి తొమ్మిది" అని చదివాడు కంపౌండరు.

"అబద్ధం!" ట్యాంకు బాబాయి లేచాడు. "ఏడున్నరే! ఏడున్నర దాటితే నేను ఊరుకోను! చీల్చి చెండాడతాను!"

కంపౌండరు తొమ్మిదిని నెమ్మదిగా కొట్టేసి పది చేశాడు. గది గదంతా పగలబడి నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు, తర్వాత కూర్చుని, "ఇంట్లో కూడా ఇలాగే అరుస్తాను" అన్నాడు తన లెక్కలో మెల్లగా. "మనవడు నా ముందు మాట్లాడ్డం మానేశాడు." డాక్టరమ్మ తన కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

తర్వాత తమ్ముడి వంతు. వంటాయన వైపు చూశాడు, ఆయన తలూపాడు. తమ్ముడు కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివాడు. "మా జోడీ సైన్యంలో మూడొందల మందికి వండినవాడు. ఇంట్లో కుక్కరు పెట్టనివ్వడు. కుక్కర్లో రుచి పోతుందని భార్యతో చెబుతాడు. విజిల్‌ని పాత బూటులో సాక్సు చుట్టి దాచాడు. ఆ చప్పుడు రాబోయే ముందు వచ్చే సుయ్‌మనే శబ్దానికి ఆయన నేల మీద పడుకుంటాడు."

"రెండేళ్లనుంచీ ఆవిడ బొగ్గులైపోయిన గిన్నెలు తోముతోందిరా" అన్నాడు వంటాయన కళ్లు తుడుచుకుంటూ. అది నవ్వో ఏడుపో ఆయనకే తెలీదు. "బూటులో చెయ్యి పెట్టి చూశావు చూడు, నువ్వూ ఒక మనిషివే!"

"ఇప్పుడు మీది" అంది డాక్టరమ్మ.

వంటాయన తమ్ముడి వైపు తిరిగాడు. "చదవమంటావా?" తమ్ముడు గోడవైపు తిరిగి, ఊఁ అన్నాడు.

"మా జోడీకి జబ్బు ఒకటే. తన చేతులంటే భయం. గోడౌన్లో మంచం వేసుకున్నాడు. నెల్లో బిడ్డ. ఉయ్యాల తనే కొన్నాడు, నలుగురికీ చూపించాడు, దాన్ని ఒక్కసారి కూడా ఊపలేదు."

తమ్ముడు లేచి గోడౌన్లోకి వెళ్లిపోయాడు. అక్క వెనకే వెళ్లింది. దూది మూటల మధ్య వాడు తన మంచం అంచున కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"నువ్వూ వాళ్ల పక్షమేనా అక్కా?"

"మొదట్నుంచీ అంతేరా. కొట్టు నాదే కదా."

"నిద్రలో ఇవి నా మాట వినవు. అంత చిన్న ప్రాణం... నేను దూరంగా ఉంటేనే దానికి మేలు."

ఇక్కడ అక్క ఎన్ని మాటలైనా చెప్పగలదు. కానీ దూది మూట ఒకటి జరుపుకుని వాడి ఎదురుగా కూర్చుంది. ఎదుటివాడు న్యాయమైన మాట అన్నప్పుడు కాదంటే బేరం చెడుతుంది. "నీ భయం నిజమైన సరుకేరా" అంది. "కల్తీ కాదు. తూకంలోనే ఎక్కువేశావు. ఆ తూకం నీకూ నాకూ తెలీదు, తెలిసినావిడ అవతల గదిలో కూర్చుంది."

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె తీపి మాటలేమీ చెప్పలేదు. బిడ్డని తమతో పాటు ఒకే పక్క మీద పడుకోబెట్టుకోవద్దంది. అది సైనికుడికే కాదు, ఎవరికైనా మంచిది కాదంది. ఉయ్యాల తల్లి వైపు ఉండాలి, ఆయన మంచం అవతలి గోడకి ఉండాలి. నిద్రలో ఉన్నవాణ్ని ఎవరూ తాకి లేపకూడదు, కాళ్లవైపు దూరంగా నిలబడి పిలవాలి. ప్రతి బుధవారం ఆమె దగ్గర విడిగా కూర్చుని ఆ పాత రోజుల సంగతి కొంచెం కొంచెం మాట్లాడాలి. "ఇల్లు వదిలేయడం ఒక్కటే దారి అనుకున్నారు మీరు. గదికి నాలుగు మూలలుంటాయి కదండీ."

తమ్ముడు తొడల కిందనుంచి ఒక చెయ్యి తీసి మెడ గోక్కున్నాడు. "పిలిస్తే లేస్తానో లేదో ఎలా తెలుస్తుంది?"

"కవాతు చేద్దాం!" గుమ్మం అవతలనుంచి ట్యాంకు బాబాయి కేక వేశాడు. ఐదుగురూ అక్కడే చెవులు రిక్కించుకుని నిలబడ్డారని అప్పుడు తెలిసింది.

సైనికుడికి కవాతు అంటే చాలు, ప్రాణం లేచొస్తుంది. మరుసటి ఆదివారానికి కొట్టు నేలమీద సుద్దగీత వెలిసింది. మంచం కాళ్లనుంచి నాలుగడుగుల దూరం. గీత దాటినవాడు బయట మెట్లమీద కూర్చోవాలి. పిలిచేవాడు ముందు చోటు చెప్పాలి, తర్వాత వేళ, తర్వాత తానెవరో.

చిక్కల్లా ఒకటే. ఆరుగురు గుడ్లప్పగించి చూస్తుంటే తమ్ముడికి నిద్ర రాలేదు. "అందరూ పడుకోండి, వాడికి తోడుగా" అంది అక్క. పడుకున్నారు. పావుగంటలో ఐదుగురూ గుర్రు పెట్టారు. డాక్టరమ్మ కూడా కుర్చీలో తల వాల్చేసింది. మేలుకున్నవాడు తమ్ముడొక్కడే.

సరిగ్గా అప్పుడే కొత్తగా పెళ్లయిన జంట ఒకటి లోపలికొచ్చింది. వరసగా ఐదు జతల మీసాలు పైకీ కిందకీ కదులుతుంటే ఆ అమ్మాయి భర్త మోచెయ్యి పట్టేసుకుంది. "ఏంటండీ వీళ్లు?"

"పరీక్ష విభాగం" అంది అక్క తడుముకోకుండా. "రెండేళ్లుగా నిద్రపట్టని వాళ్లని పడుకోబెట్టి చూస్తాం. వాళ్లు గుర్రు పెడితేనే ఆ రకం అమ్ముతాం."

"ఆ బాబాయి పడుకున్న రకం ఇవ్వండి" అన్నాడు కుర్రాడు, ఆ గుర్రు విని భక్తిగా.

నవ్వు ఆపుకోలేక తమ్ముడు అవతలి పక్కకి తిరిగాడు. అలా తిరిగి, ఎప్పుడో నిద్రపోయాడు. జంట వెళ్లేసరికి మరదలు ఆయాసపడుతూ వచ్చి గీత దగ్గర నిలబడింది. అక్క డాక్టరమ్మని మోచేత్తో పొడిచి లేపింది.

"ఇది మన పరుపుల కొట్టు" అంది మరదలు మామూలు గొంతుతో. "ఆదివారం పొద్దున్న. నేనొచ్చాను."

తమ్ముడి చెయ్యి విసురుగా లేచింది. గాల్లో దేన్నో పట్టుకుంది. కళ్లు తెరిచాడు, పిడికిలి చూసుకున్నాడు. "చూశారా, లేచింది."

"లేచింది" అంది డాక్టరమ్మ. "ఎవరికి తగిలింది?"

"...గాలికి."

"గాలి ఏమన్నా ఫిర్యాదు చేసిందా?" అన్నాడు వంటాయన కళ్లు తెరవకుండానే.

మరదలు నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని అక్కడే ఉన్న తలగడల గుట్ట మీద కూర్చుంది. ఇరవై తలగడలు నాలుగు దిక్కులా దొర్లాయి. రెండోసారి చెయ్యి సగమే లేచింది. మూడోసారి వేళ్లు మాత్రం కదిలాయి. నాలుగోసారి ట్యాంకు బాబాయి పిలుస్తానని పట్టుబట్టి పిలిచాడు. తమ్ముడితో పాటు పక్క కొట్టువాడూ తన కౌంటరు కిందకి పోయాడు. "నెమ్మదిగా అన్నారు కదయ్యా!" అని అక్క తిడితే, "ఇదే నా నెమ్మది" అన్నాడాయన బిక్కమొహం వేసి.

చెయ్యి తగ్గింది కానీ, తమ్ముడు గోడౌన్లో మంచం తీయలేదు. అక్క అడగలేదు. అడిగితే బేరం బెడిసికొడుతుందని ఆవిడకి తెలుసు. గడువు మాత్రం దగ్గర పడుతూనే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. మూడోరోజు మధ్యాహ్నం ఇంటికి పంపిస్తామన్నారు. ఆసుపత్రి గదిలో మరదలు సంచులు సర్దుకుంది. పిల్ల తొట్టిలో నిద్రపోతోంది. తమ్ముడు గోడకి ఆనుకుని, తొట్టికి ఎంత దూరంగా ఉండొచ్చో అంత దూరంగా నిలబడ్డాడు. అక్క బిల్లు పనులన్నీ ముగించుకుని వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎవరు ఎటు వెళ్తారన్న మాట ఎవరూ ఎత్తలేదు.

వసారాలో నర్సు చేతిలోంచి స్టీలు ట్రే జారిపడింది. ఆ పాలరాతి నేల మీద అది పడిన చప్పుడుకి అక్కే అదిరిపోయింది. తమ్ముడు కనబడలేదు. తలుపు వెనక ఉన్నాడు, వీపు గోడకి అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టి.

తొట్టిలో పిల్ల రెండు చేతులూ ఒక్కసారిగా బార్లా చాచింది. పదివేళ్లూ విచ్చుకుని గాల్లో ఎవరినో కౌగిలించుకోబోయినట్టు వణికాయి. తర్వాత మొహం ముడుచుకుని కెవ్వుమంది.

తలుపు వెనకనుంచి తమ్ముడు అది చూశాడు. ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. "దీనికేమైంది? ఎందుకలా చేసింది?"

"ఏమీ కాలేదండీ" అంది నర్సు ట్రే ఎత్తుకుంటూ. "చప్పుడైతే చంటిపిల్లలందరూ ఇలాగే ఉలిక్కిపడతారు. ఇలా ఉలిక్కిపడకపోతేనే మేము కంగారుపడాలి. మూడు నాలుగు నెలల్లో అదే తగ్గిపోతుంది."

"మూడు నాలుగు నెలలు" అన్నాడు తమ్ముడు. వాడి పెదాల చివర ఏదో మొదలై మొహమంతా పాకింది. రెండేళ్లలో అక్క ఆ నవ్వు చూడలేదు. "నాకు ఇంకొన్ని నెలలు ఎక్కువ పడుతుందేమో."

తొట్టి మీదకి వంగాడు. "ట్రే పడిందమ్మా" అన్నాడు పిల్లతో. "ఉత్త ట్రే. నేను కూడా చూశాను. ఏం లేదు." పిల్ల ఇంకా చేతులు చాచే ఉంది. ఆ చేతుల మధ్యకి తన వేలు పెట్టాడు. ఐదు వేళ్లూ దాన్ని గట్టిగా పట్టేశాయి, వదల్లేదు.

"నీ పట్టే వచ్చింది దానికి" అంది మరదలు.

తమ్ముడు బిక్కచచ్చిపోయి ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వుతోందని తేల్చుకోవడానికి వాడికి క్షణం పట్టింది. తర్వాత తనూ గట్టిగా నవ్వేశాడు.

"ఎలా ఎత్తుకోవాలి అక్కా?"

"మెడ కింద చెయ్యి. ఇంకో చెయ్యి నడుం కింద. డబుల్ కాట్ మోసినవాడివి, ఇది మోయలేవా?"

"పరుపుకి మెడ ఉండదు కదా."

పిల్లని ఎత్తుకుని, లిఫ్టు వద్దని, ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ కిందకి దిగాడు. కింద గుమ్మం దగ్గర ఐదుగురూ ఇస్త్రీ చొక్కాల్లో వరసగా నిలబడి ఉన్నారు. పిల్లని చూడగానే ట్యాంకు బాబాయి గౌరవ వందనానికి కేక పెట్టబోయి నోరు తెరిచాడు. వంటాయన ఎగిరి ఆ నోరు అరచేత్తో మూశాడు. కంపౌండరు రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు.

డ్రైవరు కొట్టు వ్యాను తలుపు తీసి అడిగాడు. "ఎటు పోనివ్వమంటావు?"

"ఇంటికి" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా. "గతుకులు చూసుకుని పోనీ. ఇద్దరం ఉలిక్కిపడతాం."